రోడ్డు దిగని జీపు

భానుప్రసాద్ జీపు కొన్నది కొండలెక్కడానికి. వెనక అద్దం మీద ‘ఆఫ్ రోడ్’ అని స్టిక్కర్ వేయించాడు, నల్ల కళ్లద్దాలు కొన్నాడు. ఎక్కిన కొండ ఒక్కటే ఇంకా లేదు.

ఇంజన్ పొగను లాగే కంపెనీ పైపులు తన పౌరుషానికి చాలవని, పుణె నుంచి స్టీలు హెడర్ పైపులు తెప్పించి కంఠేశ్వర్‌లో మెకానిక్ దేవదాస్ చేత బిగింపించాడు. దేవదాస్ వేడి ఆపే పట్టీని నీళ్లలో నానబెట్టి, ఒక్కో పైపుకీ గట్టిగా చుట్టి క్లిప్పులు వేశాడు. స్టార్ట్ చేయగానే పట్టీలోంచి పొగ లేచింది. భానుప్రసాద్ గబుక్కున తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

“కొత్తల గట్లనే పొగొస్తది అన్నా, పరేషాన్ గాకు. బురద మాత్రం తగలనియ్యకు. పట్టీ తడి పట్టుకుంటే లోపల పైపుకు తుప్పొస్తది” అన్నాడు దేవదాస్.

ఆ మాటను భానుప్రసాద్ మంత్రోపదేశంలా పట్టుకున్నాడు. సిరికొండ అడవికి పోదామని దోస్తులు పిలిస్తే, “నడుమ వాగున్నదిరా” అని తప్పించుకున్నాడు.

ఒకరోజు మోస్రాలోని చెరకు తోటకు యూరియా బస్తాలు తెచ్చి, తారురోడ్డు మీదే జీపు ఆపేశాడు.

“బాపూ, లోపలంత బురదున్నది. బస్తాలు గీడనే దించుకో” అని తండ్రిని కేకేశాడు.

లింబయ్య తన పాత మోపెడ్ మీద ఒక్కో బస్తా వేసుకుని, ఆ బురదలోనే నాలుగుసార్లు తిరిగాడు. చివరి బస్తా చేరేశాక మళ్లీ రోడ్డెక్కి, జీపు వెనక స్టిక్కర్‌ని గోటితో మెల్లగా ఊడదీశాడు. మోపెడ్ మడ్‌గార్డు మీది బురదను కండువాతో తుడిచి, అక్కడ అతికించాడు.