దించిన వీపు

ఫెలిమోన్ వీపుకు కట్టుకునే పేము కుర్చీని సముద్రంలో ముంచి తీశాడు. ఎండిన పేము బరువు పడితే విరుగుతుంది, తడిసింది వంగుతుంది. భుజాల పట్టీలు రెండూ లాగి చూశాడు. ఎడమ మోకాలికి కట్టిన గుడ్డ కనపడకుండా ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

"దాస్తే తగ్గుతుందా? పడవ నడిపే రోక్‌ని మొయ్యమను. వాడికి ముప్ఫయ్యేళ్ళు" అంది భార్య నెనితా, తీగ మీద బట్టలు ఆరేస్తూ.

"మార్గిట్‌ని దించింది నేను."

"ఆహా, రాజుగారి శాసనం మరి."

పలావాన్‌కు ఉత్తరాన ఉన్న ఆ చిన్న దీవికి రేవు లేదు. పడవ తొడ లోతు నీళ్ళలో ఆగుతుంది. అక్కడి నుంచి ముసలి యాత్రికులను వీపుకు కట్టుకున్న కుర్చీలో మోసుకొస్తారు. ఎవరు దించారో వాళ్ళే తిరిగి ఎక్కించాలి. వేరే వీపు మీద వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఈ ఒడ్డుకు రారని నమ్మకం. ఫెలిమోన్ తండ్రి ఒకసారి జ్వరం వచ్చి ఒక జపాను ఆయన్ను ఇంకొకరికి అప్పగించాడు. ఆయన మళ్ళీ రాలేదు. తండ్రి ఆ సంగతి పోయేదాకా చెప్పుకున్నాడు.

మార్గిట్ నార్వే మనిషి. ఎనభై ఒకటి. పంతొమ్మిదేళ్ళుగా ఏటా జనవరిలో వస్తుంది, ఫెలిమోనే మోస్తాడు. ఆమె దిగే గుడిసెలో కరెంటు సాయంత్రం పూట నాలుగు గంటల సేపే. పక్క దీవిలో హోటళ్ళున్నాయని ఎవరో చెబితే, "అక్కడ నన్నెవరు మోస్తారు?" అంది.

కుర్చీలో మనిషి మోసేవాడి వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. అందుకే వచ్చేటప్పుడు సముద్రం కనిపిస్తుంది, వెళ్ళేటప్పుడు ఊరు. మోసేవాడికి ముఖం కనపడదు, బరువే గుర్తు. ఆమె భర్త ఓలాఫ్ రెండు బియ్యం బస్తాలంత బరువు. ఆయన పోయాక ఏడేళ్ళుగా మార్గిట్ ఒక్కతే వస్తోంది. ఏటా ఆమె బరువు కొంత తగ్గింది. ఈసారి దించేటప్పుడు ఫెలిమోన్ నడుస్తూ నడుస్తూ చెయ్యి వెనక్కి పెట్టి చూశాడు. ఆమె ఉంది.

ఇప్పుడు ఆమె చేతికర్ర ఊతంతో ఇసుకలో నడిచి వచ్చింది. ఆ కర్ర ఓలాఫ్‌ది. మొదటి ఏడాది ఆయన ఒడ్డునున్న నల్లరాయి మీద జారి మడమ బెణికితే నెనితా తండ్రి జామకొమ్మతో చెక్కిచ్చాడు.

ఫెలిమోన్ కూర్చుని పట్టీలు తగిలించుకున్నాడు. ఆమె కర్రను కుర్చీ చేతికి తగిలించి ఎక్కి కూర్చుంది. రెండోసారికి లేవగలిగాడు.

"మామా, వచ్చే నెల జెట్టీ తెరుస్తారట. నీ మోకాలికి పింఛను ఇప్పిద్దాం" అని పడవలోంచి రోక్ అరిచాడు.

"ముందు నీ ఇంజను తగలడుతుందేమో చూసుకోరా."

పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడిచాడు. ఆ అలికిడికి ఇసుకలో దాగి తోకముల్లు గుచ్చే టేకు చేపలు తప్పుకుంటాయి. సగం దూరంలో అల వచ్చింది. మోకాలు పక్కకు జరిగింది. పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఇంకో అడుగు వేస్తే ఇద్దరూ నీళ్ళలో ఉంటారు.

"ఆగు ఫెలిమోన్. కాసేపు చూడాలనుంది" అంది మార్గిట్.

పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాడు. "ఏం కనిపిస్తోందమ్మా?"

"నెనితా. నడుం మీద చేతులు పెట్టుకుంది. నిన్ను తిడుతోంది."

"వినపడుతోందా?"

"కనపడుతోంది."

నవ్వితే మోకాలు ఇంకా నొప్పి పెట్టింది.

"ఓలాఫ్ జారిన రాయి. దాని మీద కోడి" అంది. రెండు అలలు వెళ్ళాయి. మోకాలు సర్దుకుంది.

"చాలు. పద."

రోక్ ఆమె చంకల కింద చేతులు వేసి పైకి తీసుకున్నాడు. ఏటా పడవ అంచు పట్టుకుని "మళ్ళీ జనవరిలో" అనేది. ఈసారి ఫెలిమోన్ తల మీద చెయ్యి ఉంచి, తీసింది. పడవ కదిలింది.

అతను ఒడ్డుకు తిరిగాడు. తొడకు ఏదో తగులుతోంది. కుర్చీ చేతికి తగిలించిన జామకర్ర నీళ్ళలో ఈడుస్తూ వస్తోంది. వెనక్కి తిరిగి దాన్ని పైకెత్తి కేక వేశాడు. మార్గిట్ చూసింది. ఇమ్మని చెయ్యి చాపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంది.

అతను కర్ర ఊతంతో ఒడ్డెక్కాడు.

"వచ్చే ఏడు వస్తుందా?" అంది నెనితా.

"దించింది నేనే, ఎక్కించింది నేనే" అన్నాడు.

నెనితా కుర్చీని బోర్లించి, కర్రను దానికి ఆనించింది. పిడి దగ్గర ఇద్దరి చేతులకు నున్నబడిన జామకర్ర, సగందాకా తడిసి, ఎండలో ఆరుతూ ఉంది.