పక్కసీటు

బోనెట్ కింద నుంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. ఆమె జుట్టు బిగించి ముడివేసుకుని, తడిగుడ్డ మడతపెట్టి రేడియేటరు మూత మీదికి చెయ్యి చాచింది. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్న మాస్టారు అక్కడి నుంచే ఆపారు.

"ఇప్పుడు ఆ మూత తీశావంటే మొహం కాలిపోతుంది. ఆగు."

"ఎంతసేపండీ?"

"ముప్పావుగంట."

లోపల గడియారం పదింపావు చూపిస్తోంది. మూడు గంటలకల్లా ఆమె రవాణా ఆఫీసు ఆవరణలో ఉండాలి, అదీ ఇదే కారుతో. ముప్పావుగంట అన్న మాట ఆయన నోట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమె చెవికి అంత బరువుగా తగిలింది.

పేరుకు డ్రైవింగ్ స్కూలు. ఉన్నదల్లా ఒక కారు, ఒక మాస్టారు, గేటుకు వేలాడే ఒక రేకు బోర్డు. ఆ కారుకు రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో మాస్టారి కాలి కింద. ఇరవై ఆరేళ్ళుగా ఇల్లు గడిచింది ఆ రెండో బ్రేకు మీదే. ఇప్పుడు చక్కెర జబ్బు ఆయన కళ్ళ మీదికి వచ్చింది. నెలాఖరుకు ఆయన శిక్షణ లైసెన్సు ముగిసిపోతుంది, మళ్ళీ సంతకం పెట్టనని కంటి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ లైసెన్సు ఇంట్లో ఇంకొకరికి రావాలి, లేదా బోర్డు దించెయ్యాలి. ఇంట్లో ఇంకొకరంటే ఆయన భార్య, ఆమే. పరీక్ష పెట్టే అధికారి ఆరు నెలలకొకసారి వస్తాడు, ఆ ఒక్కసారి ఈరోజే. రెండు బ్రేకుల కారు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఊరు మొత్తానికి అలాంటి కారు ఇదొక్కటే.

పొద్దున్న తన నాలుగో పాఠానికి టైలరు వచ్చాడు. బజారు మలుపులో ముందు అద్దం మీదికి తెల్లగా ఆవిరి కమ్ముకునేసరికి మాస్టారు రెండో బ్రేకు తొక్కి బండి ఆపారు. అప్పుడు టైలరు తాపీగా, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి చాలాసేపైందని చెప్పాడట. మరి నోరెందుకు విప్పలేదయ్యా అంటే, కళ్ళు రోడ్డు మీంచి దించితే బండిలోంచి దించేస్తానని మీరే అన్నారు కదా అన్నాడట. నిజమే, మొదటిరోజు మాస్టారు అందరికీ చెప్పే మాటే అది. ఇక పక్కసీట్లో కూర్చున్నవాళ్ళకు ఆ ముల్లు కనబడదు, స్టీరింగు అడ్డం. కనబడేవాడు చూడకూడదు, చూడాల్సినవాడికి కనబడదు. దీపం కింద చీకటి అంటారే, ఇది అచ్చంగా అదే. ఇన్నేళ్ళూ ఈ సంగతి బుర్రకు తట్టనే లేదని మాస్టారు చాలా సిగ్గుపడ్డారు. ఎవరితోనూ అనకు అన్నారు ఆమెతో. టైలరు ఈపాటికి కొలతలు తీసుకుంటూ సగం బజారుకు చెప్పేసి ఉంటాడని ఆమెకు తెలుసు, కానీ అనలేదు.

మాస్టారూ టైలరూ కలిసి రెండు వీధులు బండిని నెట్టుకొచ్చారు. టైలరు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మాస్టారు ఆ మెట్టు మీద కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. మెకానిక్కుకు ఫోను చేస్తే తన చేతిలో నాలుగు బళ్ళున్నాయని, రేపు సాయంత్రం చూస్తానని అన్నాడు.

"నువ్వే చూడు, నేను చెబుతాను," అన్నారు మాస్టారు. "రేపు ఒకళ్ళకి నేర్పాల్సినదానివి."

ఆమెకు ఒళ్ళు మండింది. పరీక్షరోజు కూడా పాఠమే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదన పెట్టుకునే తీరిక లేక రెంచీల డబ్బా తెచ్చుకుంది.

ఊళ్ళో ఆయన్ను బ్రేకు మాస్టారంటారు. ఎగతాళిగానే అంటారు, కానీ పిల్లలకు డ్రైవింగ్ నేర్పించాలంటే ఆయన దగ్గరికే పంపిస్తారు. ఆయన వృత్తిలోకి వచ్చిన మొదటి ఏడాది, కారు నేర్చుకుంటున్న ఒక కుర్రాడు సైకిలు మీద పోతున్న ఒకాయన్ను గుద్దాడు. ప్రాణం పోలేదు, మోచెయ్యి విరిగింది. మాస్టారి కాలు అరక్షణం ఆలస్యమైంది, అంతే. అప్పటి నుంచి ఆ కాలికి నిలకడ లేదు. అరఫర్లాంగు దూరంలో కుక్క కనబడితే తొక్కుతారు. బస్సులో ప్రయాణికుడిగా కూర్చుని కూడా నేలను తొక్కుతారు. నిద్రలో ఆయన బ్రేకు వేసినప్పుడల్లా ఆమె పిక్క కమిలేది. ఆరేళ్ళ కిందట ఆమెకు లైసెన్సు వచ్చింది, ఊరంతా కారు తిప్పింది, వానలో తిప్పింది, పొగమంచులో తిప్పింది. అయినా ఆయన పక్కన కూర్చుంటే చాలు, ఆమె కాలు బ్రేకు మీదికి పోకముందే ఆయన కాలు పోయేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమెకు ఇంట గెలిచే అవకాశం ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

పదకొండు దాటాక రేడియేటరు పై గొట్టాన్ని నొక్కి చూడమన్నారు. మెత్తగా అణిగింది. అప్పుడు గుడ్డ వేసి మూత తిప్పింది. నీళ్ళు బెత్తెడు తగ్గాయి, అంతే. బండి కింద పరిచిన పాత పేపర్ల మీద ఒక్క చుక్క తడి లేదు. అంటే కారడం లేదు.

"ఇప్పుడు ఆయిలు పుల్ల బయటికి లాగు," అన్నారు. ఆ మాట అన్నాక ఆయన ఇటు చూడలేదు.

ఎందుకు చూడలేదో ఆమెకు తెలుసు. ఆయిల్లో నీళ్ళు కలిసి పాలు పోసిన టీలా ఉందంటే ఇంజను లోపలే ఎక్కడో చీలిక వచ్చినట్టు. ఆ పని నాలుగు గంటల్లో కాదు, నాలుగు రోజుల్లోనూ కాదు. ఆమె పుల్ల లాగింది, గుడ్డతో తుడిచింది, మళ్ళీ ముంచి లాగింది. ఎండలోకి పట్టి చూసింది. నల్లగా, నున్నగా, శుభ్రంగా ఉంది.

"నల్లగానే ఉందండీ."

మాస్టారు తలాడించారు. ఎడమచేతిని కుడిచేత్తో రుద్దుకుంటూ, బండి నెట్టినందుకు తిమ్మిరెక్కిందన్నారు. నీళ్ళు పోసి ఇంజను వేయమన్నారు.

ముల్లు పైకి పాకసాగింది. పావు, సగం, సగం మీద ఇంకొంచెం. పై గొట్టం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కింది గొట్టం ముట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లన. ఇదెలాగో ఆమెకు అర్థం కాలేదు. ఆయన కళ్ళలో మాత్రం పొద్దున్న నుంచి లేని వెలుగు వచ్చింది. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య చిన్న తలుపు లాంటిది ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు, నీళ్ళు వేడెక్కితే అది తెరుచుకోవాలి, మూసుకుపోయి ఉంటుంది చూడు అన్నారు. ఇంజను ఆపించి, చల్లారనిచ్చి, రెండు బోల్టులు ఎక్కడున్నాయో చూపుడువేలితో చూపించారు. రెండో బోల్టు మొరాయించింది. లేచి వచ్చి ఒక్క పట్టు పట్టకూడదా అని ఆమె పళ్ళు నూరింది. ఆయన లేవలేదు. చివరికి ఆమే రెంచీకి గొట్టం తొడిగి, బరువంతా వేసి తిప్పింది. బోల్టు కదిలింది, దాంతోపాటు ఆమె మణికట్టు తోలు కొంచెం లేచిపోయింది.

బొటనవేలంత ఇత్తడి ముక్క. వంటింట్లో గిన్నెడు నీళ్ళు పెట్టి అందులో వేయమన్నారు. ఆమె పొయ్యి దగ్గర నిలబడింది. ఒకటింపావు. నీళ్ళు మరిగాయి, గిన్నె అంచులు దాటి చిందాయి. ఆ ముక్క నోరు తెరవలేదు. తెరవకపోవడమే శుభవార్త, రోగం దొరికినట్టే. ఆమె గరిటెతో దాన్ని బయటికి తీసి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి చూపించింది.

"మూగదే," అంది.

"అయితే దాన్ని తీసేసి బిగించు. ఈరోజుకి అది లేకపోయినా నడుస్తుంది."

సందులోంచి నీళ్ళు కారకుండా హాజరు పుస్తకం అట్ట కత్తిరించి, గ్రీజు రాసి, మధ్యలో పెట్టి బిగించింది. ఇంజను వేసింది. ముల్లు సగానికి దిగువనే ఆగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ పది నిమిషాలు ఉన్నారు, ఆమె కిటికీలో తల పెట్టి, ఆయన అప్పటికి మొదటిసారి మెట్టు మీంచి లేచొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని. దారిలో హీటరు పూర్తిగా తిప్పి ఉంచమన్నారు. ఇంజను వేడిని కొంత మన మీదికి లాక్కుంటే దానికి ఊపిరాడుతుందట.

ఆ ఎండలో హీటరు వేసుకుని అరగంట ప్రయాణం. ఆమె వీపంతా తడిసిపోయింది. ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయింది, కణతల మీంచి చెమట ధారలు కట్టింది. ఆమె నవ్వింది కూడా, ఇద్దరం ఆవిరి కుడుముల్లా ఉన్నామని.

పరీక్ష ఎంతోసేపు జరగలేదు. ఆవరణలో అధికారి డ్రైవరు సీట్లో కూర్చుని, ఏమీ రాని విద్యార్థిలా నడిపాడు. గేర్లు గీకాడు, ఒకచోట ఎవరో పిలిచినట్టు తల పక్కకు తిప్పి నేరుగా డ్రమ్ముల వరుస మీదికి పోనిచ్చాడు. రెండో బ్రేకు మీద ఆమె కాలు ఆగింది. ఇంకా, ఇంకా అనుకుంది. ముందే తొక్కితే విద్యార్థి ఎన్నటికీ నేర్చుకోడు, ఆలస్యమైతే మోచెయ్యి విరుగుతుంది. తెల్లగీత ముందు తొక్కింది. డ్రమ్ముకు మూరెడు దూరంలో బండి ఆగింది. అధికారి కాగితం మీద సంతకం పెట్టాడు.

బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్న మాస్టారు కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని, పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివారు. ఎన్ని వేలమందికో ఇలాంటి కాగితాలు ఇప్పించిన మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం తన కాగితంలా పట్టుకున్నారు.

"మూరెడు దూరంలో ఆపావు. చూశాను," అన్నారు. "నేనైతే బారెడు ముందే తొక్కేవాణ్ణి."

ఆయన నోట పొగడ్త అంటే ఇంతే ఉంటుంది. ఆమెకు ఇది చాలు.

ఇంటికి ఆమే నడిపింది. ఆయన పక్కసీట్లో కూర్చుని హీటరు ఆపొద్దన్నారు, అలిసిపోయానన్నారు, తల వెనక్కి ఆనించారు. ఆమె మాట్లాడుతూనే ఉంది. రేపటి నుంచి పక్కసీటు వైపు చిన్న అద్దం పెట్టిస్తానని, అందులోంచి ముల్లు కనబడుతుందని, టైలరు పాఠం మొదట తానే చెబుతానని. ఊ అన్నారు ఒకసారి. వంతెన దాటింది. స్కూలు పిల్లల గుంపు రోడ్డు దాటుతుంటే నెమ్మదిగా ఆపింది. బజారు మలుపులో తోపుడుబండి ఒకటి అకస్మాత్తుగా అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు వేసింది, తనంతట తాను, తన కాలితో. పక్క నుంచి ఏ కాలూ కదలలేదు.

ఆరేళ్ళలో మొదటిసారి. ఆమె ఛాతీ సంతోషంతో నిండిపోయింది.

"ఇవాళ్టికి నమ్మకం కుదిరిందా నా మీద?" అంది రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

నిద్రపట్టినట్టుంది అనుకుంది. కుదుపులకు లేస్తారేమోనని మిగిలిన రెండు వీధులూ గుంతలు తప్పించుకుంటూ, నడకంత నెమ్మదిగా నడిపింది. గేటు లోపల నీడలో ఆపి, ముల్లు చూసింది. సగానికి దిగువనే ఉంది. ఇంజను ఆపి, హీటరు కట్టేసి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

ఎదురింటి ప్లంబరు, అతని తమ్ముడు కలిసి ఆయన్ను దించి లోపలికి తీసుకెళ్ళారు. వచ్చిన డాక్టరు మణికట్టు వదిలేసి, గుండె ఆగి అరగంట పైనే అయి ఉంటుందన్నాడు. ఏ చోట అని ఆమె అడిగింది. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. వంతెన దగ్గరా, పిల్లల దగ్గరా, తోపుడుబండి దగ్గరా అని ఆమె మళ్ళీ అడిగింది. పక్కింటావిడ ఆమెను దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టింది.

పొద్దు వాలేదాకా కారు తలుపు వేయాలని ఎవరికీ తోచలేదు. పక్కసీటు ముందు, రెండో బ్రేకుకు జానెడు ఇవతల, ఆయన కుడికాలి చెప్పు బోర్లా పడి ఉంది.