గుప్పిట్లో వెచ్చబెట్టినవి

రోజూ తొమ్మిదికల్లా గాజక్క తొట్టి ముందు నిలబడేది. ఆ పరిశోధనశాలలో గాజుసామానంతా కడిగేది తనే కాబట్టి అందరూ గాజక్క అనేవాళ్లు. సీసాలూ గొట్టాలూ కడిగి, బోర్లించి, ఆరాక ఎవరివి వాళ్ల బల్లమీద పెట్టేది.

పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్లంటే ఆమెకి ప్రాణం. ఆ పిల్ల ఐసు డబ్బాలో చిటికెన వేలంత గొట్టం ఒకటి ఎప్పుడూ గుచ్చి ఉంచేది.

"అందులో ఏముందమ్మా?"

"అతికించేవి అక్కా. లైగేజ్ అంటారు. మన ఒంట్లో కణం కణంలోనూ డీఎన్ఏ అని సన్నటి దారం ఉంటుంది. అది రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. ఇలాంటివే మళ్లీ అతికిస్తుంటాయి. ఈ గొట్టంలోవి మాత్రం ఒక వైరస్ దగ్గర్నుంచి వచ్చాయి."

"అమ్మో, రోగం దగ్గర్నుంచా!"

"అతికించేవాళ్లకి దారం ఎవరిదైతే ఏంటక్కా?"

ఆ మాట గాజక్కకి నచ్చింది. అంత మంచివాళ్లని రోజంతా ఐసులో పెడతారా అని మనసు చివుక్కుమంది. పిల్ల భోజనానికి వెళ్లినప్పుడు గొట్టం తీసి, గుప్పిట్లో కాసేపు వెచ్చబెట్టి, ఎప్పట్లాగే గుచ్చేసింది.

ఆ సాయంత్రం నుంచి ఆమె ఏది పట్టుకుంటే అది అతుక్కునేది. పగిలిన జాడీ, చిరిగిన రసీదు, గుమాస్తాగారి గొడుగు కర్ర. ఎవరూ వింతపడలేదు. "కాస్త ఇది పట్టుకో అక్కా" అని తెగిన చెప్పులు కూడా తెచ్చేవాళ్లు.

"కడిగి తెండి బాబూ, నేను కడిగేది గాజొక్కటే" అనేది.

పిల్ల గొట్టాల్లో మాత్రం మూడు వారాలుగా ఒక్క దారమూ అతకలేదు. శుక్రవారానికి అతకకపోతే ఆ పిల్ల సీటు ఇంకొకరికేనని పెద్దసారు ఉత్తరం టైపు చేయించి సిద్ధంగా పెట్టుకున్నారు.

తను గొట్టం వెచ్చబెట్టిన రోజు నుంచేనని గాజక్క వేళ్లమీద లెక్కపెట్టుకుంది. గురువారం పొద్దున పిల్ల పక్కన చేరింది.

"తిట్టనంటే ఒకటి చెప్తానమ్మా. వాటికి చలేస్తుందేమోనని..."

అంతా విని పిల్ల తల పట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది. "వెచ్చబెడితే చస్తాయనుకున్నా. నీ దగ్గరికి కాపురం మార్చేశాయన్నమాట! ఎలా పంపిస్తావిప్పుడు?"

"తెగింది కనబడితే అవి ఊరుకోలేవు కదా. తెగిందే చూపిద్దాం."

పిల్ల తెగిన దారాల గొట్టం ఇచ్చింది. ఐసూ వద్దు, వేడీ వద్దు, కుండలో నీళ్లంత చల్లదనం చాలంది. గాజక్క తొట్టి నింపి, గొట్టం పట్టుకున్న చేతిని మోచేతిదాకా ముంచి స్టూలు మీద కూర్చుంది.

"వెళ్లండమ్మా. నా దగ్గరేం తెగలేదు. అక్కడ పిల్ల బతుకు ఆగిపోయింది" అని బుజ్జగించింది.

వేళ్ల చివర చీమలు పాకినట్టయింది. సాయంత్రానికి చేయి తేలికైంది. ఎందుకో కాస్త దిగులేసింది కూడా.

శుక్రవారం ఆ దారాలకి తీసిన ఫోటోలో, రోజూ తెగిన ముక్కలు రెండు గీతలుగా కనబడే చోట ఒకటే గీత. పెద్దసారు కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు.

"సోమవారం పెందలాడే రా" అన్నారు పిల్లతో.

బుట్ట ఖాళీ చేసేది గాజక్కే. ఆ ముక్కలు ముట్టుకోవాలంటే భయమేసింది. కళ్లు మూసుకుని, నాలుగూ ఒకచోట చేర్చి, గట్టిగా పట్టుకుని చూసింది.

కళ్లు తెరిస్తే నాలుగూ నాలుగు ముక్కలే.

"హమ్మయ్య" అనుకుని ఎనిమిది చేసింది.