సన్నాయికి ఎంత వణుకు

హైదరాబాద్ రాయదుర్గంలో ఒక కంపెనీ సంగీత వాద్యాలను సాఫ్ట్‌వేర్‌గా మార్చి అమ్ముతుంది. అనంతపురం నుంచి వచ్చిన హేమంత్ అక్కడ పదమూడేళ్లుగా పనిచేస్తున్నాడు. ఈసారి సన్నాయి వంతు. ఊదింది ఎల్లయ్య, కింద గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే మనిషి. జనగామ వైపు పెళ్లిళ్లలో ఇరవై ఏళ్లు సన్నాయి వాయించాడు. ఒక్కో స్వరాన్ని విడిగా, వణుకు లేకుండా నిలబెట్టి ఊదమంటే వారం రోజులు ఓపిగ్గా ఊదాడు.

అలా రికార్డు చేసిన స్వరం ఎన్నిసార్లు నొక్కినా ఒకేలా మోగుతుంది. ప్రాణం ఉండదు. హేమంత్ తెర మీద ఒక నెమ్మదైన అలను గీసి దాన్ని స్వరానికి తగిలిస్తాడు. స్వరం ఆ అల వెంట పైకీ కిందికీ ఊగుతుంది. మాడ్యులేషన్ అంటే అదే. ఎంత ఊగాలో తెర మీది గుండ్రటి నాబ్ తిప్పుతూ చెవితో తేల్చుకోవాలి. ఆ తేల్చడంలోనే అతనికి పేరొచ్చింది.

పని పూర్తయిందనుకున్న రోజు ఎల్లయ్యను పైకి పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టాడు. ఎల్లయ్య కాసేపు విని, మెల్లగా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎట్లుంది ఎల్లయ్యన్నా?"

"నాదేనా సార్ గిది?"

"నీదే."

"నేను గిట్ల ఊదలే. జరమొచ్చినోడు వణికినట్టున్నది."

హేమంత్ మళ్లీ విన్నాడు. అతనికి స్వరం కదిలీ కదలనట్టుగానే ఉంది. నాబ్ కింద అంకె చూశాడు. నలభై. పాత వాద్యాల ఫైళ్లు తెరిచాడు. మొదటి ఏళ్లలో ఎనిమిది దాటలేదు. తర్వాత పన్నెండు, పందొమ్మిది, ముప్పై. ఏ ఏడాదికా ఏడాది పెరుగుతూనే వచ్చింది. ఫైళ్లు మూసేసి చెవి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

కొండాపూర్‌లో ఆ డాక్టరు పరీక్ష చేసి, కాగితం మీద కిందికి జారిపోయిన గీతను చూపించాడు. "నరం దెబ్బతింది. మిషన్ పెడితే శబ్దం పెద్దగా వినిపిస్తుంది. సన్నని తేడాలు మాత్రం ఇక వినపడవండి," అన్నాడు.

హేమంత్ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఎల్లయ్యను పక్కన కూర్చోబెట్టుకుని నాబ్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాడు.

"ఇంకా తగ్గియ్ సార్... ఇంకా జర... ఆఁ, ఇగ సాలు."

అంకె ఆరు. ఎల్లయ్య ముఖం విప్పారింది. "గిప్పుడు నా ఊపిరి ఇనవడ్తున్నది. మంచిగుంది కదా సార్?"

హేమంత్ చెవుల్లో అది కదలిక లేని కూత. రైలింజను ఏకధాటిగా కొట్టే హారన్‌కీ దానికీ తేడా తెలియలేదు.

"బాగుందన్నా," అన్నాడు.

సన్నాయి విడుదలైంది. కొన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. టీమ్ లీడ్ ఉమాశ్రీ తన గదికి పిలిచింది. "మీరు చేసినవాటిలో ఇదే బెస్ట్ హేమంత్. నెక్స్ట్ వీణ మొదలుపెడదాం."

ఎల్లయ్యను అప్పటికే తెల్లాపూర్‌లో ఏదో గేటెడ్ కమ్యూనిటీకి మార్చేశారు. ఉన్నా, ఎన్నాళ్లని మరొకరి చెవితో వింటాడు?

"నాకు ఆ సన్నని వణుకు వినపడటం లేదండి," అన్నాడు హేమంత్. "ఆ సన్నాయి ఎల్లయ్య చెవితో చేసిందే. నాది కాదు."

ఉమాశ్రీ కుర్చీలో ముందుకు జరిగింది. "ఎప్పటినుంచి?"

"అదే తెలియదు. ఇన్నేళ్లు చేసినవాటిలో ఏవి నిజంగా బాగున్నాయో, ఏవి పాడుచేశానో నాకే తెలియదు."

ఆమె ముందున్న ల్యాప్‌టాప్ మూసింది. తర్వాత, "ముందు కొన్ని రోజులు సెలవు తీసుకోండి. వీణ సంగతి నేను చూసుకుంటాను," అంది మెత్తగా. ఆ మెత్తదనంతోనే అంతా అయిపోయిందని అతనికి అర్థమైంది.

సెలవు మొదటిరోజు పదమూడేళ్ల వాద్యాలను వరుసగా పెట్టుకుని వినడానికి కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆపేశాడు. అతని చెవికి ఏ ఒక్క స్వరమూ కదలడం లేదు.