లస్మయ్య రోగానికి పేరు దొరికింది

లస్మయ్య జన్మలో చుక్క ముట్టినవాడు కాడు. తండ్రి కల్లు దుకాణం ముందే పడి ప్రాణం విడిచాడని పదహారో ఏట ఒట్టు పెట్టుకున్నాడు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో మరమగ్గాల కార్ఖానాలో ఇరవై మూడేళ్లు సాంచెలు నడిపినా ఆ ఒట్టు తప్పలేదు.

అలాంటివాడికి రెండేళ్ల కిందట ఒక పగటి పాళీలో, నడుస్తున్న మగ్గాల మధ్య నేల గిర్రున తిరిగింది. కూలబడి వాంతి చేసుకున్నాడు. గంటకు తగ్గింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇక ఎప్పుడు పడితే అప్పుడే. వచ్చిన రోజున గోడలు పట్టుకుని ఇల్లు చేరేవాడు.

మద్యనిషేధమున్న రాష్ట్రంలో, దొంగచాటు సారా సందుసందునా దొరికే పేటలో, పట్టపగలు తూలేవాణ్ని చూసి జబ్బని ఎవరనుకుంటారు? ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంట్లో చీరలకు లేసు కుట్టే గంగవ్వ మొదట్లో మొగుడి తల ఒత్తింది, నిమ్మకాయ నీళ్లిచ్చింది. మూడో నెలలో అతని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"వాసన రాకుండ ఏం తాగుతున్నవయ్యా?"

ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

ఒక డాక్టరు బీపీ గోళీలిచ్చాడు. ఉధ్నాలో ఇంకొకాయన మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశాడు. మూడో ఆయన తలకు స్కానింగు తీయించి, అంతా బాగానే ఉంది, టెన్షన్ పెట్టుకోకు అని పంపేశాడు. ఆ మాటే అతని కొంప ముంచింది.

కార్ఖానా చూసుకునే రఘుపతి గంగవ్వ తమ్ముడే. "పెద్ద డాక్టరే ఏం లేదన్నడు గద బావా. ఇంకేం నాటకాలు? తాగుడు బందు జెయ్, మంచిగైతవ్," అని పదిమందిలో అని, సాంచెల మీంచి తీసేసి ఊడ్చే పనిలో పెట్టాడు.

ఈమధ్య ఎడమ చెవి సరిగా వినపడక లస్మయ్య సర్కారు దవాఖానాకు పోయాడు. చెవుల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "తల తిరిగేముందు చెవి బిగుసుకుంటుందా? హోరు పెరుగుతుందా?" అని హిందీలో అడిగింది.

అతను నివ్వెరపోయాడు. రెండేళ్లలో ఎవరూ అడగని మాట. సాంచెల మోతకు అందరి చెవులూ హోరెత్తేవేననుకుని తన చెవి సంగతి అతనూ ఎవరికీ చెప్పలేదు.

పరీక్షలన్నీ చేయించి, వారం తర్వాత ఆమె కాగితం రాసిచ్చింది. "దీన్ని మెనియర్స్ అంటారు. లోపలి చెవిలో నీరు ఎక్కువవుతుంది. పూర్తిగా పోదు కానీ మందులతో అదుపులో పెట్టొచ్చు. ఉప్పు తగ్గించండి. నడిచే యంత్రాల దగ్గర ఉండొద్దు."

"మేడమ్, ఇది తాగితే వచ్చేది కాదుగా?"

"కాదు," అంది ఆమె, వింతగా చూస్తూ. లస్మయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిన్నగా కార్ఖానాకు పోయి కాగితం రఘుపతి చేతిలో పెట్టాడు. రఘుపతి రెండుసార్లు చదివాడు. మొహం మాడిపోయింది.

"తప్పైంది బావా." కాగితం మడిచి తిరిగిచ్చాడు. "గని రేపటి సంది రాకు. మిషన్ల కాడ ఉండొద్దని రాసిండ్రు. నీకేమన్నయితే సేఠ్ నన్ను పట్టుకుంటడు."

"ఊడ్సుడే గదరా నా పని!"

"తాగేటోనివైతే మాన్పించి పెట్టుకుందు బావా. గిదెట్ల మాన్పియ్యాలె?"

సాయంత్రానికల్లా గంగవ్వ రోగం పేరు సందంతా చెప్పి వచ్చింది. నవ్విన ఆడవాళ్లే గుమ్మంలో నిలబడి అయ్యో పాపమన్నారు. వాళ్లు పోయాక ఆమె మొగుడి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నాకు సమజ్ గాలే. నువ్వన్న జర గట్టిగ చెప్పకపోతివి."

"తాగలేదని దినాం చెప్పిన. డాక్టర్ కాయితం దెస్తెనే పెండ్లాం నమ్ముతదని నాకెర్కలే."

ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

పొద్దున పాళీ వేళకు అలవాటుగా లేచి స్నానం చేశాడు. పోవడానికి చోటు లేదు. గంగవ్వ లేసు చుట్ట, కత్తెర తెచ్చి ముందు పెట్టి, "జర కత్తిరిస్తవా?" అంది బెరుకుగా.

చీకటి పడేదాకా కత్తిరించాడు. ఆమెతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.