నలభై ఎకరాల చెరువులు

నాకు ఆకివీడు దగ్గర నలభై ఎకరాల చేపల చెరువులున్నాయని మా పక్కింటి రేణు గారు షాంటిలీ అనే ఊళ్లో ఉండే తన చెల్లెలికి చెప్పారట. ఆ చెల్లెలు ఫోన్‌లో మా ఆవిడ పద్మతో, "అంత ఉండి కూడా కృష్ణమూర్తి గారు ఎంత సింపులో!" అని మెచ్చుకుందట. పద్మ ఆ మాట నాకు చేరవేసి, కూర కలుపుతూ, "పోయినసారి ముప్పైయే కదా, ఈ ఏడు ఇంకో పది కొన్నట్టున్నారు" అంది.

నేను నవ్వలేదు. అబద్ధమనీ ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఏళ్ల కిందట మినియాపొలిస్ పక్కన ఈ ప్లిమత్‌కి కొత్తగా వచ్చినప్పుడు, ఎవరింట్లోనో భోజనాల దగ్గర రేణు గారి భర్త రాజారావు గారు "మీవాళ్లేం చేస్తారండీ?" అని అడిగారు. "చేపల చెరువులండీ" అన్నాను. అవి ఎవరి చెరువులో, మా నాన్న వాటిలో ఏం చేసేవాడో చెప్పకుండా పెరుగన్నంలోకి తల దించేశాను. చెరువు చేపలన్నీ పట్టి అమ్మే పట్టుబడి రోజున నడుంలోతు నీళ్లలో దిగి వల లాగే కూలీల్లో మా నాన్న ఒకడు. పట్టుబడి లేని రోజుల్లో కొల్లేటిలో విసురు వల. మిగతాదంతా, ఎకరాలతో సహా, విన్నవాళ్లే కట్టుకున్నారు.

పద్మకి అంతా తెలుసు. మా అమ్మాయి సాన్వికి తెలియదు. అది పుట్టేసరికే నాన్న లేడు. తాతయ్య గురించి దానికి తెలిసిందల్లా పేరొక్కటే. మొన్న ఇండియా రాకపోకలకి కావలసిన నా ఓసీఐ కార్డు ఫారం అదే నింపింది. తండ్రి పేరు గడిలో అంత పొడుగు పేరు కొట్టలేక రెండుసార్లు తప్పు చేసి నవ్వుకుంది.

ఈ జూలైలో రాజారావు గారు ఉత్తరాన ఈలీ దగ్గర ఒక సరస్సు ఒడ్డున రెండు కుటుంబాలకీ కేబిన్ బుక్ చేశారు. నాలుగు గంటల డ్రైవ్. ఆఖరి గంటంతా చెట్లు, నీళ్లు, మళ్లీ చెట్లు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మర్నాడు పొద్దున్నే పడవెక్కాం. "మీరు ముందు కూర్చోవాలి సార్, ఓనర్ గారు!" అని రాజారావు గారు నన్ను ముందుకి తోశారు. ఇక్కడ గాలానికి ఎరగా జలగల్ని గుచ్చుతారు. డబ్బాలో అవి మెలికలు తిరుగుతుంటే ఆయన "ఛీఛీ" అన్నారు. చిన్నప్పుడు నా కాళ్లనుంచి లెక్కలేనన్ని పీకినవాణ్ని, నేనూ మొహం చిట్లించాను.

సాన్వికి మొదట పడింది జానెడుకన్నా కాస్త పొడుగుండే, వాలై అనే ఇక్కడి చేప. దాన్ని విసిరేయలేదు. నీళ్లలో చేత్తో పట్టుకుని, మొప్పలు బాగా ఆడేదాకా ఆగి, అప్పుడు వదిలింది. "వెళ్లి పెద్దగా అవ్వు" అంది.

నాన్న కూడా వల దులిపాక చిన్నవాటిని ఏరి అచ్చం అలాగే వదిలేవాడు. ఈ పిల్లకి ఎవరు చెప్పారు?

"సానూ, మీ తాతయ్య..." అన్నాను.

"ఆ, తాతయ్య?" అని గబుక్కున తిరిగింది. రాజారావు గారూ తిరిగారు.

"తాతయ్యకి చేపల పులుసంటే ఇష్టం" అన్నాను.

"ఓకే" అని మళ్లీ గాలం వేసుకుంది.

మధ్యాహ్నానికి ఆరు చేపలు దక్కాయి. ఒడ్డున చేపలు కోసుకోవడానికి దోమతెర కట్టిన చిన్న షెడ్డుంది. రాజారావు గారు వీడియో చూసి నేర్చుకొచ్చారు. మొదటి చేపని ముళ్లతో సహా ఉప్మా చేశారు. పైగా చేదు తిత్తి చిదిమేస్తే కండంతా పచ్చగా పాకింది. చూడలేకపోయాను.

"ఇటివ్వండి" అనేలోపే కత్తి నా చేతిలో ఉంది. తోక పట్టుకుని ఎదురు పొలుసు గీకడం, రెండు వేళ్లతో మొప్పలు ఒక్క లాగు లాగడం, తిత్తి పగలకుండా పేగు తీయడం. ఐదు చేపలూ అయ్యాక తలెత్తితే అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"అమ్మో, ఏంటండీ ఆ స్పీడు!" అన్నారు రేణు గారు. "మీరు కూడా కూలోళ్లతో చెరువులో దిగేవారా ఏంటి?"

రాజారావు గారు పగలబడి నవ్వారు. పద్మ మాత్రం నావైపే చూస్తోంది, ఇప్పుడైనా చెప్పెయ్యమన్నట్టు.

"నాన్నా, దట్ వాజ్ అమేజింగ్! నీకు ఎవరు నేర్పించారు?" అంది సాన్వి.

అవునండీ దిగేవాణ్ని, మా నాన్న వెనకాలే దిగేవాణ్ని అంటే సరిపోయేది. అంతకన్నా తేలికైన అదను ఇరవై ఏళ్లలో రాలేదు.

"మా చెరువుల దగ్గర పనోడొకడు ఉండేవాడు" అన్నాను.

"ఆయన పేరేంటి?"

ఏదో ఒక పేరు చెప్పొచ్చు. ఊళ్లో పేర్లకేం కరువు? కానీ చేతులనిండా పొలుసులతో నిలబడ్డవాడికి నోట్లోకి ఇంకో పేరు రాలేదు.

"ఏడుకొండలు."

"వాడెవడో గానీ భలే నేర్పాడండీ!" అన్నారు రాజారావు గారు, చేతులు కడుక్కుంటూ.

సాన్వి నా చేతులవైపు చూసింది. తర్వాత నా మొహంవైపు చూసింది.

"వాడు కాదంకుల్. అది మా తాతయ్య పేరు. నాన్న ఫారంలో నేనే టైప్ చేశా."