గాయం వెతికిన ఊరు

బందరు కోనేరు సెంటర్ దగ్గరి ఫ్లెక్సీ షాపులో ఆ ఉదయం నలుగురు కుర్రాళ్లు కంప్యూటర్ తెర మీదికి వంగి చూస్తున్నారు. తెర మీద యూనిఫాంలో శ్రీహరి నవ్వుతున్నాడు. గిలకలదిండిలో చేపలు పట్టి బతికే పల్లెకారుల్లోంచి సైన్యంలో చేరిన మొదటివాడు అతను. ఎక్కడో మంచుకొండల్లో చనిపోయాడని ముందురోజే కబురొచ్చింది.

"వెనకాల మంటలు పెట్టండన్నా. చేతిలో పెద్ద గన్ను ఉండాలి," అన్నాడు నాగబాబు. అతను యువజన సంఘం ప్రెసిడెంటు, శ్రీహరికి చిన్ననాటి స్నేహితుడు. "కింద ‘శత్రువుల తూటాలకు ఎదురొడ్డి’ అని రాయండి."

అంతలో అతని ఫోన్ మోగింది. అవతల శ్రీహరి బావమరిది. శవపేటికతో వస్తున్న జవాన్లతో అతను మాట్లాడాడట. వింటున్నకొద్దీ నాగబాబు ముఖంలో ఉత్సాహం చల్లారిపోయింది.

"కాల్పులేం జరగలేదంటరా," అన్నాడు ఫోన్ పెట్టేసి. "అంత ఎత్తున గాలి చాలక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంట. జబ్బు చేసి పోయాడు."

"మరి ప్రింట్ కొట్టమంటారా?" అని అడిగాడు షాపాయన.

"చిన్న సైజులో వేయండి చాలు. మంటలు తీసెయ్యండి."

గుడివాడ నుంచి బైకుల ర్యాలీతో శ్రీహరిని ఊళ్లోకి తీసుకురావాలని అంతకుముందు అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆ బైకులు పలచబడ్డాయి. వస్తానన్న నాయకుడి దగ్గర్నుంచి, సారుకి వేరే ప్రోగ్రాం పడిందని కబురొచ్చింది. సైనిక వాహనం వెనక చివరికి చుట్టాల ఆటోలే మిగిలాయి.

జవాన్లు పేటికను ఇంటిముందు దించి మూత తీశారు. తల్లి నాంచారమ్మ కొడుకు బుగ్గలు పట్టుకుని ఉండిపోయింది. భార్య దివ్యశ్రీ ఐదో నెల గర్భిణి. పేటిక అంచు పట్టుకుని కిందికి జారిపోయింది. చుట్టూ మూగిన జనం మాత్రం తొంగి తొంగి చూస్తున్నారు. వాళ్ల చూపులు శ్రీహరి ముఖం మీద లేవు. నుదుటి మీద, మెడ మీద, చొక్కా గుండీల దగ్గర తిరుగుతున్నాయి.

"ఒంటి మీద గాటైనా లేదేంటే?" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి పైకే అనేసింది.

ఆ మాట తల్లి విన్నది. భార్యా విన్నది.

పాఠకులారా, ఆ ఊరివాళ్లు దుర్మార్గులు కారు. తుఫాను హెచ్చరిక వస్తే ఒకరి పడవను మరొకరు ఒడ్డుకు లాగేవాళ్లు. ఇంట్లో పొయ్యి వెలగనివాడికి అడగకుండానే చేపల పులుసు పంపేవాళ్లు. అలాంటివాళ్లే ఒక చావును మరో చావుతో పోల్చి తూకం వేశారు. తూకంలో తేలిపోయిన చావుకు కారణాలు వెతకడం మొదలుపెట్టారు. తాగుడు అలవాటైందన్నారు. పెళ్లాం ఫోన్లో గొడవపడిందనీ, అందుకే ఏదో చేసుకున్నాడనీ, సైన్యం కప్పిపుచ్చిందనీ అన్నారు. కుళాయి దగ్గర దివ్యశ్రీ బిందె పెడితే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. ఆమె పక్కకు తిరగగానే మళ్లీ మొదలయ్యేవి.

ఒకరోజు ఆ బిందెను కుళాయి దగ్గరే వదిలేసి దివ్యశ్రీ ఇంటికొచ్చింది. "అత్తయ్యా, నేను మా అమ్మావాళ్లింటికి వెళ్తాను. ఇక్కడుంటే లోపలున్న బిడ్డక్కూడా వినబడేట్టుంది," అంది. నాంచారమ్మ ఆమెను ఆపలేదు. బస్సెక్కించి వచ్చింది. కోడలు హంసలదీవి చేరింది. ఇంట్లో నాంచారమ్మ ఒక్కతే మిగిలింది.

ఆమె మళ్లీ చేపల తట్ట పట్టుకుని హార్బరుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు గుడివాడ నుంచి చేపలు కొనడానికి వచ్చిన కొత్త బేరగాడు ఆమెను జాలిగా చూసి, "మీ అబ్బాయి మిలిట్రీలో పోయాడంటగా. ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు.

నాంచారమ్మ చుట్టూ చూసింది. తర్వాత కుడిచేత్తో తన గుండె మీద తాకి చూపించింది. "ఇక్కడ తగిలింది బాబూ, బుల్లెట్టు. ఇద్దర్ని చంపి పడిపోయాడంట నా బిడ్డ."

పక్కనే చందువ చేపలు ఏరుతున్న నాగమల్లేశ్వరి ఫక్కున నవ్వింది. "ఏ బుల్లెట్టొదినా? మంచుకి జలుబు చేసిగా పోయింది! కొత్తోళ్లకి కతలు చెప్తావేంటి?"

వేలంపాట ఆగింది. ఐసు మోసేవాళ్లు నవ్వారు. ఎవరో ఈల కూడా వేశారు. నాగబాబు ఆ గుంపులోనే ఉన్నాడు. అతను నవ్వలేదు, ఆపనూ లేదు.

నాంచారమ్మ తడి సిమెంటు మీద కూలబడింది.

"ఔను, అబద్ధమే చెప్పాను," అంది. "వాడు మిలిట్రీకి వెళ్లినకాడ్నించి, ఒక్క బుల్లెట్టు కూడా నా బిడ్డకి తగలనీయొద్దని అమ్మోరికి దండం పెట్టని రోజు లేదు. ఆ తల్లి నా మాట విన్నది. మీకే అది చాల్లేదు. ఇప్పుడు తెల్లారి లేచి, ఒక్కటైనా తగిలుంటే బాగుండేదే అనుకుంటున్నాను. కడుపున కన్నదాన్ని, నాచేత ఇలా అనుకునేట్టు చేశారు." ఆమె నాగమల్లేశ్వరి వైపు తిరిగింది. "మీ ఆయన వేటకెళ్లి పడవ మీద గుండెనొప్పితో పోయాడు. ఆ రోజు మేమంతా పాట ఆపి నీ ఇంటికొచ్చాం. అలలకి పోయాడా, జబ్బుకి పోయాడా అని నిన్నెవరైనా అడిగామా వదినా?"

నాగమల్లేశ్వరి చేతిలోని చందువ జారిపడింది.

గుంపు వెనక ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నందివాడకు చెందిన రిటైర్డ్ సుబేదార్ రాజారత్నం. శ్రీహరి గురించి పేపర్లో చదివి, తల్లిని పలకరించడానికి వచ్చాడు. ఇంటికి తాళం ఉండటంతో హార్బరుకు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ముందుకొచ్చి, నాంచారమ్మ పక్కనే ఆ తడి నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఆ కొండల మీద నేనూ పనిచేశాను. అక్కడ తూటాలకంటే చలి ఎక్కువమందిని తీసుకుపోతుంది," అన్నాడు. తర్వాత తలెత్తి జనాన్ని చూశాడు. "మంచుకి పోయినవాణ్ణీ, తూటాకి పోయినవాణ్ణీ మేం ఒకే జెండాలో చుట్టి పంపిస్తాం. జెండాకి తేడా తెలీదయ్యా. మీకెలా తెలిసింది?"

నాగబాబు తల దించుకున్నాడు. నాగమల్లేశ్వరి వచ్చి నాంచారమ్మ చెయ్యి పట్టుకోబోయింది. నాంచారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

మరునాడు నాగబాబు, నాగమల్లేశ్వరి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రాజారత్నాన్ని వెంటబెట్టుకుని హంసలదీవి వెళ్లారు. దివ్యశ్రీ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"తప్పైపోయింది చెల్లెమ్మా," అన్నాడు నాగబాబు. "ఇంటికి వచ్చెయ్యి. ఇకమీదట నిన్నెవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను."

"అన్నయ్యా, మీరు ఆయన స్నేహితులు. అందరూ అంటుంటే ఇన్నాళ్లూ మీరే ఊరుకున్నారుగా," అంది దివ్యశ్రీ. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే వాళ్లకు అది మరింత బాధగా ఉంది. "నేను రాను. నా బిడ్డ అక్కడ పుడితే, ‘మీ నాన్న ఎలా పోయాడు’ అని వాణ్ణి కూడా అడుగుతారు. మా అత్తయ్యని మాత్రం ఒంటరిగా వదిలెయ్యకండి."

నాగమల్లేశ్వరి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆయన పోయినప్పట్నుంచీ అందరూ అదే అడిగారు," అంది దివ్యశ్రీ. "ఎలా పోయాడు, ఎలా పోయాడు అని. నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు."

వాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. దివ్యశ్రీ ఆ ఊరికి మళ్లీ రాలేదు. నాగమల్లేశ్వరి మాత్రం రోజూ పొద్దున్నే నాంచారమ్మ గుమ్మం ముందు నిలబడి, కలిసి హార్బరుకు వెళ్దామని పిలుస్తోంది. నాంచారమ్మ ఒక్కోరోజు వెంట వెళ్తుంది. ఒక్కోరోజు తలుపు తియ్యదు. తియ్యనిరోజు నాగమల్లేశ్వరి కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్తుంది.

దేశం కోసం వెళ్లినవాడు ఎలా పోయినా దేశం కోసమే పోయాడు. అతని ఇంటి గడప తొక్కినవాళ్లు అడగవలసిన మాట ఒక్కటే: "మీరెలా ఉన్నారు?"